చెంబు పట్టుకొచ్చిన పిల్ల

ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్లు ఇస్తే నేను ముందు గ్లాసు వైపు చూడను. ఇచ్చిన మనిషి ముఖం చూస్తాను. తర్వాత చేతులు చూస్తాను. భూపాలపల్లిలో నాతోపాటు పనిచేసే టీచర్లకు ఇది వింతగా ఉంటుంది. "నీళ్లల్ల ఏమన్న పడ్డదా మేడం?" అని అడుగుతారు. ఏం లేదంటాను. ఈ అలవాటు నాది కాదు, పెద్దక్కది. పోయిన చలికాలం పెద్దక్క చనిపోయింది. అలవాటు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పెద్దక్క ఆమె పేరు కాదు. మానుకోటలో మా సంస్థ ఆఫీసు ఊడ్చే మనిషి దగ్గర్నుంచి హైదరాబాదులో కూర్చునే డైరెక్టరు దాకా అందరూ అలాగే పిలిచేవారు. తండాల్లో ఆమెకంటే పెద్ద ముసలమ్మలది కూడా అదే పిలుపు. చిల్పూరు దగ్గర భూములున్న ఇంటి ఆడబిడ్డ అని తెలుసు. అంతకుమించి ఆమె జీవితం నాకు తెలియదు. ఒకసారి కదిపి చూశాను. "నా కథ నీకెందుకే? నీ రిపోర్టుల ఎక్కదు గది" అని నోరు మూయించింది.

అది ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపుమీదున్న కాలం. జనగామలో ఇంగ్లీషు ఎమ్మే పూర్తిచేసి, ఏం చేయాలో తోచక, నేను మానుకోటలో ఆ సంస్థలో చేరాను. ఏదో విదేశీ సంస్థ పంపే నిధులతో మా ప్రాజెక్టు నడిచేది. లంబాడీ తండాల్లో ఆడపిల్లలు బడి మానకుండా చూడాలి, చిన్న వయసులో పెళ్లిళ్లు ఆపాలి, పని ఇప్పిస్తామని పిల్లల్ని తీసుకుపోయే దళారుల మీద కన్నేసి ఉంచాలి. తండాలు తిరిగే బాధ్యత పెద్దక్కది. ఆమె చెప్పింది ఇంగ్లీషులో పెట్టడం నా పని. అందుకే నన్ను "ఇంగ్లీషు పిల్లా" అనేది. కోపమొస్తే ఇంకా చాలా అనేది.

నేత చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, తలకు తువాల చుట్టుకుని మోపెడ్ మీద వచ్చేది. ఎత్తు ఎక్కాల్సి వస్తే బండిని బతిమాలేది. "నడువే నా తల్లి, గీ గడ్డ ఒక్కటే, ఎక్కినంక నీ ఇష్టం" అనేది. బండి ఆగిపోతే మాత్రం దాని ఏడు తరాలనూ తిట్టేది. ఎవరితో మాట్లాడుతున్నా బండి తాళంచెవితో చెవి గోక్కునేది. ఉద్యమం ధూంధాం సభల్లో పాటలు మొదలైతే అందరికంటే ముందు ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగేవి. వెంటనే తానూ గొంతు కలిపేది. ఆ గొంతు వినలేక మేం "చప్పట్లు కొట్టక్కా చాలు" అని బతిమాలుకునేవాళ్లం.

తండాలో ఆమె పని చేసే తీరు చాలా తేలిక. ఇంటి ముందు బండి ఆపి, వాకిట్లో నేల మీదే కూలబడి, "బిడ్డతోని జర నీళ్లు పంపుండ్రి, గొంతెండుతున్నది" అని అరిచేది. వచ్చిన మనిషికి ఇంటి ఆడపిల్ల చెంబుతో నీళ్లు తెచ్చివ్వడం అక్కడి మర్యాద. ఆ పిల్ల వస్తే ముఖం చూసి, చదువు అడిగి, తాగి, "సల్లగుండు బిడ్డా" అని లేచేది. పిల్లకు బదులు తల్లో, తమ్ముడో చెంబు తెచ్చారంటే అక్కడే బాసింపట్టు వేసుకునేది. బిడ్డ ఏదో, ఎప్పుడొస్తుందో తేలేదాకా కదిలేది కాదు. అలా ఎన్ని పెళ్లిళ్లు ఆపిందో, ఎంతమంది పిల్లల్ని పత్తి చేలనుంచి బడికి తిప్పిందో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్ని నీళ్లు ఎలా తాగుతుందా అని మేం నవ్వుకునేవాళ్లం.

ఆమెను ఎప్పుడు తలచుకున్నా నాకు హైదరాబాదు శిక్షణ ఒకటి గుర్తొస్తుంది. అన్ని జిల్లాల సంస్థలవాళ్లూ వచ్చారు. ఏసీ హాలు. పెద్దక్క లేచి తన తండాల గురించి మొదలుపెట్టింది. "గిట్ల పోయినం, గట్ల అడిగినం" అనగానే ముందు వరుసలో కోస్తా నుంచి వచ్చిన శిక్షకుడు పక్కాయన వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు మెల్లగా హాలంతా పాకింది. సినిమాల్లో ఆ యాసకు నవ్వి నవ్వి అలవాటైన జనం. పెద్దక్క మాట ఆపేసింది. కోపం తెచ్చుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"నవ్వుండ్రి సార్. అయినంక చెప్త. నాకు తొందరేం లేదు" అంది.

హాలు చల్లబడింది. ఇంకా ఎవరైనా ఉన్నారేమోనని అందరి ముఖాలూ చూసి, అప్పుడు మళ్లీ "గిట్ల పోయినం" దగ్గర్నుంచే మొదలుపెట్టింది. తిరుగు రైల్లో మాత్రం నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. "మన రాష్ట్రం మనకొస్తే మన బాసల మన గోస ఇంటరే" అంది. నాకూ ఏడుపొచ్చింది.

ఆ ఏడాదే విదేశీ సంస్థ నుంచి ఒకావిడ మా పని చూడటానికి వచ్చింది. పెద్దక్క ఆమెకు తెల్లక్క అని పేరు పెట్టేసింది. పెద్దవంగర దాటాక ఒక తండాలో ఒక పిల్ల చెంబు తెచ్చింది. తెల్లక్క తన చేతిలోని మూత తీయని సీసా చూపించి, వద్దన్నట్టు నవ్వింది.

"చెప్పవే ఇంగ్లీషు పిల్లా, ఆ పిల్ల చేతి నీళ్లు తాగకుంటే ఆ పిల్లను చూసినట్టే గాదని చెప్పు."

నేను చెప్పాను. తెల్లక్క ధైర్యం చేసి ఒక గుక్క తాగింది. మర్నాడంతా మానుకోటలో దవాఖాన మంచం మీద ఉంది గానీ, పద్ధతి మాత్రం ఆమెకు తెగ నచ్చింది. తిరిగి వెళ్లి ఏం చెప్పిందో ఏమో, కొన్నాళ్లకు హైదరాబాదు నుంచి రంగుల పోస్టర్లు దిగాయి. చెంబు పట్టుకున్న ఆడపిల్ల బొమ్మ, పక్కన మోపెడ్ మీద మా పెద్దక్కలాంటి ఒక ఆడమనిషి. బడిలో, అంగన్‌వాడీలో, తండా మధ్య గోడ మీద అన్నిచోట్లా అతికించమన్నారు. ఊరూరా కమిటీలను కూర్చోబెట్టి, నీళ్లు ఎందుకు అడగాలో, ఎవరు తెస్తే ఏమని అర్థం చేసుకోవాలో నేర్పారు. కమిటీలంటే ఆ పిల్లల అమ్మానాన్నలే.

పెద్దక్క తన బొమ్మ చూసుకుని కాసేపు మురిసింది. "ముక్కు మంచిగ గీసిండు" అంది. తర్వాత తాళంచెవితో చెవి గోక్కుంటూ చాలాసేపు ఆ పోస్టర్ ముందే నిలబడింది. "అందరికీ చెప్పినంక ఇంకేం చూస్తమే?" అంది. అయినా ఆమె అలవాటు మానలేదు. ఇంకో దారి తోచలేదనుకుంటాను.

సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బడులూ హాస్టళ్లూ మూతపడ్డాయి. పెద్దక్క పొద్దున శిబిరంలో కూర్చునేది. రోడ్డు మీద వంటావార్పు ఉంటే గరిటె ఆమెదే. కానీ మధ్యాహ్నం దాటేసరికి ఆమెకు కాలు నిలిచేది కాదు. "హాస్టళ్లు బంద్ గాంగనే పిల్లలందరు తండాలకొచ్చిండ్రు. ఇప్పుడే వస్తరే సంబంధాలోళ్లు. నడు, బండెక్కు" అనేది. ఉద్యమం అంటే ప్రాణం పెట్టే మనిషి, ఆ ఉద్యమం మూసిన బడిని చూసి రోజూ భయపడేది.

అలా ఒకరోజు పెద్దవంగర పక్క తండాలో చాంది ఇంటి ముందు ఆగాం. చాంది మొగుడు గుంటూరు మిరప తోటలకు కూలికి పోయి అక్కడే చనిపోయాడు. ఒక్కతే కూతురు మంజుల. దూరంగా ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదువుతోంది. పెద్దక్క ఆ పిల్లను చూసి చాలా కాలమైంది, చిన్నప్పుడెప్పుడో చూసింది. నేనైతే ఎప్పుడూ చూడలేదు. ఎండ మాడుస్తోంది. రాస్తారోకో నుంచి నేరుగా వచ్చాం, పెద్దక్క కళ్లు దుమ్ముకు ఎర్రబడి ఉన్నాయి. నీళ్లు అడిగింది.

ఒక పిల్ల తల మీద ఓణీ కప్పుకుని చెంబుతో వచ్చింది. చెంబు అందిస్తుంటే నీళ్లు కొంచెం ఒలికాయి.

"ఎంత ఎత్తు పెరిగినవే మంజులా! మంచిగ చదువుతున్నవా?"

ఆ పిల్ల తలూపింది. చాంది గుమ్మంలో నిలబడి "సిగ్గక్కా దానికి" అంది. పెద్దక్క చెంబెత్తి గడగడా తాగింది. మిగిలినవి నాకిచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి ఆ నీళ్లు. "సల్లగుండు బిడ్డా" అని ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి లేచింది. దారిలో ఏదో పాట కూడా అందుకుంది.

తర్వాత కొన్నాళ్లకు రైల్‌రోకో. మానుకోట స్టేషన్ దగ్గర పట్టాల మీద జనం. ఊళ్లనుంచి, తండాలనుంచి ట్రాక్టర్ల మీద ఆడవాళ్లు దిగారు. పట్టాల మధ్యనే పొయ్యిలు పెట్టారు. పెద్దక్క అందరికీ పేలాలు పంచుతోంది. గుంపులో ఆ పిల్ల కనిపించింది.

"మంజులా! ఇటు రా బిడ్డా, ఒడి పట్టు" అని పిలిచింది.

ఆ పిల్ల కదల్లేదు. పెద్దక్కే వెళ్లి దాని ఓణీలో పేలాలు పోయబోయింది. అది వెక్కిళ్లు పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

"నేను మంజుల గాదు పెద్దక్కా. సరితను. ఆళ్ల పక్కింటిదాన్ని. చాందక్క చెంబిచ్చి పొమ్మన్నది. నీళ్లే గదా అనుకున్న."

"మంజుల ఏది?"

"ఆ దినం లోపల్నే ఉండె. చేతులకు, కాళ్లకు పసుపుండె. నువ్వు చూస్తే తెలుస్తదని బయటికి రానియ్యలే. తెల్లారి తీస్కపోయిండ్రు."

పెద్దక్క చేతిలోంచి పేలాల సంచి జారిపోయింది. చుట్టూ నినాదాలు. కొంత దూరంలో ఆగిన రైలు. ఆమె ఆ రైలు వైపు చూసి, "గా రైలాపినం గని, అది పోయిన రైలు ఆపకపోతిమి" అంది. తర్వాత సరిత రెండు భుజాలూ పట్టుకుంది.

"నేను నీళ్లు తాగుతుంటె అదేం చేసింది? చూసినవా?"

"తలుపు సందుల నిలబడ్డది. నోట్లె ఓణీ కుక్కుకున్నది."

"నవ్వొచ్చిందా? ఏడుపొచ్చిందా?"

"లోపల చీకటి పెద్దక్కా. నాకు తెల్వలే."

ఆ ప్రశ్న అక్కడితో ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. చివరిదాకా ఆమెను పట్టి పీడించింది.

ఆ మధ్యాహ్నమే చాంది ఇంటికి వెళ్లాం. చాంది దాచలేదు. దాచాల్సిన తప్పేమీ చేయలేదన్నట్టే మాట్లాడింది.

"పెండ్లి చేసి పంపిన అక్కా, అమ్ముకోలే. ఆళ్లు పరాయోళ్లు గాదు. మా తాతలు ఎక్కడికెల్లి వచ్చిండ్రో ఆ రాజస్థానపోళ్లు. మేం ఇంట్ల ఎట్ల మాట్లాడుకుంటమో గట్లనే మాట్లాడిండ్రు. పాణి అంటె పాణి అన్నరు. నన్ను యాడీ అన్నరు. మా బాస మాట్లాడెటోళ్లు నా బిడ్డను ఏం జేస్తరు?"

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ, పాణి అంటే నీళ్లు. పెద్దక్క తిట్టడానికి నోరు తెరిచింది. తిట్టు రాలేదు. నీళ్లు కూడా అడక్కుండా బండి తీసింది. తిరిగి వస్తుంటే బండి మీద వెనక్కి తిరక్కుండానే అంది: "మన బాస మాట్లాడితే మనోడే అనుకున్నది. పట్టాల మీద కూసోని నేను రోజు గదే గదా అంటున్న."

తహసీల్దారు ఆఫీసుకు తాళం. ఆయన ఆ తాళం ముందే టెంటులో కూర్చుని ఉన్నాడు. "అక్కా, సమ్మెల ఉన్న. పెన్ను పట్టరాదు, నీకు తెల్వదా?" అన్నాడు. పాపం, ఆయన కంట్లోనూ నీళ్లున్నాయి. పోలీసులు బందోబస్తులో ఉన్నారు. మర్నాడు స్టేషన్‌కు పిలిపిస్తే చాంది భయపడిపోయి, బిడ్డ చుట్టాలింటికి పోయిందని చెప్పింది. సమ్మె అయిపోయాక పెద్దక్క ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని రాజస్థాన్ దాకా పోయింది. పెళ్లివాళ్లు చెప్పిన ఊరుంది గానీ, ఆ ఊళ్లో అలాంటి మనుషులు లేరు. వచ్చాక ఆ ప్రయాణం గురించి ఆమె చెప్పింది ఒక్కటే. "అంత దూరం పోయిన. అక్కడ గుడ సంకల బిందె పెట్టుకోని పోతున్న ప్రతి పిల్ల మంజుల లెక్కనే కనబడ్డది. నాకు మంజుల ముఖం తెల్వదు కదనే!"

నిజమే. నాకూ అంతే. ఈ రోజుకీ మంజుల అనుకుంటే సరిత ముఖమే కళ్లముందుకొస్తుంది.

ఒక్కసారి చాందికి ఫోన్ వచ్చింది. "యాడీ, బాగున్న" అని ఒక్క మాట, తర్వాత కట్టయింది. ఆ నంబరు మళ్లీ కలవలేదు. అది మంజుల గొంతేనా అని పెద్దక్క అడిగితే, చాంది అవుననీ అనేది, కాదనీ అనేది.

ఆ తర్వాత పెద్దక్క తండాల్లో ఎవరి చేతి నీళ్లూ తాగలేదు. తెల్లక్కలాగే సీసా మోసుకుని తిరిగేది. ఇంటికి పోగానే ఆడపిల్లను పిలిచి, రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, అరచేతులు విప్పి చూసేది. పసుపు ఉందేమోనని. పిల్లలకు అది తెలియదు. పెద్దక్కకు జాతకం చెప్పడం వచ్చనుకునేవాళ్లు.

"నా చేతిల ఏమున్నది పెద్దక్కా?"

"ఏం లేదు బిడ్డా. ఏం లేదు. మంచిగున్నది."

అంత గట్టిగా మాట్లాడే మనిషి అంత మెల్లగా మాట్లాడగలదని నాకు అంతకుముందు తెలియదు.

ప్రాజెక్టు గడువు ముగిసింది. నిధులు ఇంకో దేశానికి తరలాయి. అక్కడ అవసరం ఎక్కువట. వీడ్కోలు సమావేశంలో పెద్దక్కకు శాలువా కప్పారు. "మా కష్టం జర తక్కువ పడ్డది, ఏం జేస్తం" అని నవ్వి, ఆ శాలువా ఆఫీసు ఊడ్చే అవ్వకు ఇచ్చేసింది. మర్నాడు మామూలుగానే చొక్కా తొడుక్కుని బండి తీసింది.

రాష్ట్రం వచ్చింది. మానుకోట వీధుల్లో రంగులు, బాణసంచా. ఆమె కూడా ఆడింది, నేను చూశాను. కొన్నాళ్లకు మంజుల విషయం మళ్లీ కదిలించాలని ఒక కొత్త అధికారి దగ్గరికి వెళ్తే నేనూ తోడు వెళ్లాను. అతను మనవాడే, మన మాటే. కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. "పాత ముచ్చట గదక్కా, గిప్పుడేం జేస్తం, జర ఆగుండ్రి" అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఆమె నవ్వింది. "అప్పుడు ఆళ్ల బాసల కాదన్నరు. గిప్పుడు మన బాసల కాదంటున్నరు. ఇనటానికి మంచిగనే ఉన్నదే." ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చి భూపాలపల్లి చేరాను. ఫోన్ చేస్తే ఆమె చెప్పే విషయం ఒకటే. చాంది ఇంటికి పోయానని, చాందిని అడిగానని. ఏమడిగిందో నాకు తెలుసు. తలుపు సందులో నిలబడ్డ పిల్ల నవ్విందా, ఏడ్చిందా? నవ్వి ఉంటే ఆటగా, ఇష్టంగా పోయినట్టు. ఏడ్చి ఉంటే, తాను గోడకు ఇవతల కూర్చుని నీళ్లు తాగుతుంటే ఆ పిల్ల గోడకు అవతల తనకోసమే ఏడ్చినట్టు. చాంది ఎప్పుడూ ఒకటే చెప్పేదట: నేను చూడలేదక్కా, నా ముఖం నీ దిక్కే ఉండె. మొదట్లో ఈ ప్రశ్నకు చాంది తిట్టి తరిమేది. తర్వాత తర్వాత తిట్టడం మానేసిందట. "మొన్న పోతే నాకోసం జొన్నరొట్టె చేసి పెట్టింది చూడు" అని పెద్దక్క ఆశ్చర్యపోయింది.

పెద్దక్క దశదిన కర్మకు చిల్పూరు దగ్గర వాళ్ల ఊరికి వెళ్లాను. పెద్ద ఇల్లు, పెద్ద పందిరి, కార్లు. చుట్టాలెవరికీ ఆమె మోపెడ్ మీద ఎక్కడెక్కడ తిరిగేదో పెద్దగా తెలియదు. భోజనాల హడావుడికి దూరంగా, గోడవార ఒకామె ఒంటరిగా కూర్చుని ఉంది. తల నెరిసిపోయింది. చాంది. ఎవరు కబురు చెప్పారో, ఎన్ని బస్సులు మారి వచ్చిందో. నన్ను చూడగానే గుర్తుపట్టింది.

పక్కన కూర్చున్నాను. ఆమే అంది.

"ఏడ్సింది బిడ్డా."

"ఎవరు?"

"మంజుల. ఆమె నీళ్లు తాగుతాంటే లోపల ఏడ్సింది. నేను తిరిగి చూసిన. మీరు రాంగనే నోట్లె ఓణీ కుక్కింది నేనే."

చాంది పందిరి కింద పెట్టిన పెద్దక్క ఫోటో వైపు చూస్తోంది.

"గిన్నేండ్లు అడిగింది. చెప్పలే. ముందుగాల భయానికి చెప్పలే. తర్వాత చెప్తె ఇగ రాదేమో అని చెప్పలే. తండల ఎవలు నా బిడ్డ పేరు ఎత్తరు. నా ముందట అందరు మర్సిపోయినట్టె ఉంటరు. ఆమె ఒక్కతే వచ్చి మంజుల అంటుండె. ఆ పేరు ఇందామనే ఎదురుచూస్తుంటి." కొంగుతో ముఖం తుడుచుకుంది. "గిప్పుడు నీకు చెప్పిన. నువ్వొస్తవా?"

వస్తానన్నాను. చెయ్యి పట్టుకుని, మంజుల ఎట్లుంటుండెనో చెప్పమన్నాను. నల్లగా ఉండేదా, తెల్లగా ఉండేదా, నవ్వితే ఎట్లుండేది అని అడిగాను. నేను ఆ పిల్లను ఒక్కసారి కూడా చూడలేదు.